గుండ్రంగా పెట్టిన సంతకాలు

సికింద్రాబాద్ వెళ్ళొచ్చానని చెప్పగానే మావాళ్ళు ముందు బిర్యానీ గురించి అడుగుతారు. తిన్నావా, ఎంతయింది, ముక్కలు ఎన్నొచ్చాయి అని. నేను అక్కడ మూడు రోజులున్నాను, బిర్యానీ తినలేదు. ఒక ఇంట్లో వంకాయ ఎండురొయ్యల కూర తిన్నాను. ఆ అన్నం తింటూనే ఒక అబద్ధం చెప్పాను. ఈ ప్రయాణం గురించి రాయాలంటే ఆ కూర దగ్గరికి రాక తప్పదు కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను.

బయలుదేరే ముందు

నేను కోస్తాలో ఒక యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతున్నాను. బయలుదేరేనాటికి అమ్మాయిల హాస్టల్‌కి విద్యార్థి ప్రతినిధిని. అదేదో పెద్ద పదవి అనుకోకండి. మాకు ఎన్నికలు లేవు. ఒక ఆదివారం మెస్సులో అందరూ చేతులెత్తి నన్ను ఎన్నుకున్నారు. నా గొంతు పెద్దదన్న ఒక్క అర్హతే చూశారు. చారులో నీళ్ళెక్కువైనా, బాత్రూం తలుపు గడియ ఊడినా నేనే వెళ్ళి వార్డెన్ గారి ముందు నిలబడాలి.

మా హాస్టల్ గేటు దాటాలంటే తండ్రి అనుమతి కావాలి. రిజిస్టరులో ప్రతి అమ్మాయి పేరు పక్కన తండ్రి ఫోన్ నంబరుకి ఒక గడి ఉంటుంది. ఆ నంబరుతో మాట్లాడాకే గేటు తీస్తారు. మౌనిక అనే అమ్మాయికి ఒకరోజు పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది. వాళ్ళ నాన్న చేపల చెరువు మీద ఉన్నాడు, ఫోన్ కలవలేదు. మధ్యాహ్నం దాకా మౌనిక గేటు పక్కన బల్ల మీద ముడుచుకుని పడుకుంది. నేను వార్డెన్ మీద అరిచాను, తర్వాత బతిమాలాను. ఆవిడ రిజిస్టరు తెరిచి నిబంధన చూపించారు. ఆసుపత్రికి చేరేసరికి అపెండిక్స్ పగిలిపోయింది. మౌనిక బతికింది కానీ రెండు ఆపరేషన్లయ్యాక ఇంట్లోవాళ్ళు చదువు మాన్పించేశారు. మా గదిలో తన మంచం ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

జబ్బు చేస్తే ముందు ఆసుపత్రికి పంపండి, ఫోన్ తర్వాత చేసుకోండి. ఈ ఒక్క కోరికతో అర్జీ రాశాను. ఎవరి పేరూ ముందుండకుండా సంతకాలు గుండ్రంగా పెట్టించాను. గుండ్రంగా ఉన్నదానికి మొదలేది, చివరేది? నా తెలివికి నేనే మురిసిపోయాను. అయితే మాకందరికీ ఒక అలవాటుంది. పరీక్ష పేపరైనా, లైబ్రరీ చీటీ అయినా సంతకం పెట్టిన చెయ్యి అక్కడ ఆగదు, పక్కనే హాల్ టికెట్ నంబరు వేసేస్తుంది. అరవై మందీ వేశారు. నేనూ వేశాను. ఒక్కరికీ తట్టలేదు.

ఆఫీసువాళ్ళు ఆ నంబర్లను వరుసలో పేర్చుకున్నారు. మాకు నంబర్లు ఇంగ్లీషు అక్షరాల వరుసలో ఇస్తారు. అందరికంటే ముందు అబిగైల్ వచ్చింది. జాబితాలో మొదటి పేరు ఆమెది కాబట్టి అర్జీ నడిపింది కూడా ఆమే అని తేల్చి, హాస్టల్ ఖాళీ చేయించారు. బుధవారం విచారణకి తండ్రితో హాజరు కాకపోతే పేరు కొట్టేస్తామని నోటీసిచ్చారు. నా పేరు వెన్నెల. ఆ వరుసలో నేను చివరి నుంచి మూడోదాన్ని, నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

అబిగైల్ ఫోన్ తీయడం మానేసింది. అందుకని సికింద్రాబాద్‌లో వాళ్ళింటికి నేనే రైలెక్కాను. సంచిలో ఆమె సంతకం కోసం టైపు చేయించిన ఒక కాగితం, వాళ్ళమ్మగారి కోసం ఎండురొయ్యల పొట్లం ఉన్నాయి. ఆవిడ పుట్టిల్లు మా వైపేనని, సికింద్రాబాద్‌లో మంచి రొయ్యలు దొరకవని గొణుగుతుంటారని అబిగైల్ ఎప్పుడో చెప్పింది.

చిలకలగూడ, శుక్రవారం

పొట్లం రైల్లోనే చిరిగింది. తెల్లవారేసరికి పెట్టెలో సగం మంది ముక్కు మూసుకున్నారు, మిగతా సగం మా వైపువాళ్ళు కాబట్టి ధర అడిగారు. స్టేషన్ అంతా తవ్వి రేకులు కట్టేశారు, బయటపడటానికే చాలాసేపు పట్టింది. ఆటో అతను చిలకలగూడకి ఎనభై అన్నాడు. తర్వాత మెడ చాచి వాసన చూశాడు.

"గీ వాసనేందమ్మా, సంచిల ఏం బెట్టినవ్?"

రొయ్యలని చెప్పాను. అయితే వంద అన్నాడు. నడిచాను. తీరా చూస్తే పది నిమిషాల దూరం కూడా లేదు.

దారిలో బండి మీద ఇడ్లీ తిన్నాను, ప్లేటు నలభై. మా దగ్గర అల్లప్పచ్చడి వేయకపోతే బండి ముందు గొడవవుతుంది. ఇక్కడ పల్లి చట్నీ పలచగా చేసి ఇడ్లీలు మునిగేదాకా పోస్తారు, కారప్పొడి పైన చల్లుతారు. రెండో ప్లేటు కూడా తిన్నానంటే మా అమ్మ నమ్మదు. టీ దగ్గర ఇంకో వింత చూశాను. ఇద్దరు పెద్దమనుషులు ఒకే ఛాయ్ చెప్పి, సగం సాసర్లో ఒంపి పంచుకున్నారు. మావాళ్ళైతే పరువు పోతుందని రెండు చెప్పి ఒకటి వదిలేస్తారు.

నేను దిగింది యాదమ్మ గారి లేడీస్ హాస్టల్లో. మా సీనియర్ ఒకావిడ ఉద్యోగం చేస్తూ అక్కడే ఉంటుంది, ఆవిడే గది మాట్లాడిపెట్టింది. యాదమ్మ గారికి అరవై దాటి ఉంటాయి. మెట్ల కింద కుర్చీ వేసుకుని, వచ్చేవాళ్ళ పేరు, ఊరు అడిగి రిజిస్టరులో రాయిస్తారు. అలవాటు కొద్దీ నేను మా నాన్న ఫోన్ నంబరు కూడా వేశాను. అదెందుకని అడిగారు. మా హాస్టల్ సంగతి, మౌనిక సంగతి చెప్పాను. ఆవిడ పల్లీలు వేసి కాల్చిన సర్వపిండి ముక్క తుంచి నా చేతిలో పెట్టి, నేనేదో తెలివితక్కువ కథ చెప్పినట్టు చూశారు.

"పిల్లకు పానం బాగ లేకపోతె ఫోన్ కలిసేదాంక కూసుంటరా బిడ్డా? మేమైతే ముందుగాల ఆటోల ఏస్కొని దవాఖానకు ఉరుకుతం. తండ్రికి ఎన్క చెప్తం."

అరవై సంతకాలు పెట్టి మేం అడిగింది అదే. సర్వపిండి తినేశాను. నీళ్ళు తాగి మెట్టుగూడ బయలుదేరాను.

మెట్టుగూడ, వంకాయ కూర

అబిగైల్ నాన్నగారు రాజారత్నం గారు రైల్వే ఆఫీసులో గుమస్తా. వాళ్ళమ్మగారు ఎస్తేరమ్మ గారు బడిలో టీచరు. ఇద్దరూ మా వైపు నుంచి పెళ్ళైన కొత్తలో వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. రెండు గదుల ఇల్లు, గోడకి వాక్యం రాసిన క్యాలెండరు, షెల్ఫులో అబిగైల్ బహుమతుల కప్పులు. పొట్లం అందుకోగానే ఎస్తేరమ్మ గారు చిరుగు దగ్గర ముక్కు పెట్టి కళ్ళు మూసుకున్నారు. ఆ రొయ్యలు చేసిన ఒకే ఒక్క మేలు అది.

అబిగైల్ ఇంట్లో లేదు. కాప్రాలో పిన్ని దగ్గర ఉందన్నారు. చుట్టుపక్కలవాళ్ళు కాలేజీ తెరిచాక కూడా పిల్ల ఇంట్లోనే ఉందేమని అడుగుతున్నారట, అందుకని పంపేశారు.

భోజనానికి కూర్చోబెట్టారు. నేను ఆకలి మీద గబుక్కున ముద్ద నోట్లో పెట్టుకున్నాను. తలెత్తితే ముగ్గురి కంచాల్లోనూ నాదొక్కటే చెదిరి ఉంది, వాళ్ళిద్దరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. ప్రార్థన పొడుగ్గా సాగింది. నమలలేను, మింగలేను. రాజారత్నం గారు దూరం నుంచి వచ్చిన ఈ బిడ్డను దీవించమన్నారు. మా అమ్మాయి మీద పడ్డ నింద తీసేయమన్నారు. ఆమేన్ అన్నాక ముద్ద మింగాను.

తర్వాత ఆయన ఒక కాగితం నకలు చూపించారు. మా అమ్మాయి తెలియక చేసింది, తండ్రిగా నేను క్షమాపణ కోరుతున్నాను అని యూనివర్సిటీకి రాసిన ఉత్తరం. పెద్దవాళ్ళు తలొంచితే పిల్లను వదిలేస్తారనుకున్నారట. ఆ ఉత్తరం ఫైల్లో ఎక్కడుందో నాకు తెలుసు. తండ్రే తప్పు ఒప్పుకున్నాడు కదా అని దాన్నే సాక్ష్యంగా పైన పెట్టుకున్నారని యూనివర్సిటీ ఆఫీసులో ఒకావిడ నాకు చెప్పింది. ఆ మాట ఆయనతో ఎలా చెప్పాలో తెలియక కూర బాగుందన్నాను. నిజంగానే బాగుంది. వంకాయలు చితికిపోకుండా, రొయ్యల కారం లోపలికి దిగి, మా ఇంట్లోలాగే ఉంది.

ఎస్తేరమ్మ గారు రెండోసారి వడ్డిస్తుంటే ఆయన మామూలు గొంతుతోనే అడిగారు.

"ఆ అర్జీ ఎవరు రాశారమ్మా?"

"అందరం కలిసి రాశామండీ."

ఆయన తలూపి పెరుగు కలుపుకున్నారు. నాకు సిగ్గేసింది. వార్డెన్ ముందు, రిజిస్ట్రార్ ముందు ఇంత గొంతేసుకుని మాట్లాడేదాన్ని, కంచం ముందు ఒక్క మాట నిజం చెప్పలేకపోయాను. వచ్చేటప్పుడు ఎస్తేరమ్మ గారు గుమ్మం బయటికొచ్చి, కాప్రాలో బడి ఎక్కడో చీటీ మీద రాసిచ్చారు.

కాప్రా, శనివారం

అబిగైల్ ఒక చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెబుతోంది. రెండంతస్తుల ఇంటికి బోర్డు కట్టి బడి చేశారు. కిటికీ దగ్గర నిలబడ్డాను. హాజరు పిలుస్తోంది. ముందు రిజిస్టరు చివరి పేరు పిలిచింది, అక్కణ్ణుంచి పైకి వెళ్ళింది. పిల్లలు తడబడకుండా పలికారు. వాళ్ళకి అలవాటైపోయినట్టుంది.

శనివారం ఒంటిపూట బడి. బయటికొచ్చి నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. చెరువు గట్టు మీదికి నడిచాం. గట్టు మీద నడకకి వచ్చే వాళ్ళ కోసం బాట వేశారు. నీళ్ళు చాలా చోట్ల గుర్రపుడెక్క కింద కనబడవు, గాలి మళ్ళితే మురుగు వాసన. అయినా జనం వస్తున్నారు, కాల్చిన కంకులు కొనుక్కుంటున్నారు. మేమూ కొన్నాం. మా దగ్గర ఉప్పు రాస్తారు, ఇక్కడ నిమ్మచెక్కని కారంలో ముంచి రుద్దుతారు. పెదాలు మండాయి.

హాజరు కింద నుంచి ఎందుకు పిలిచావని అడిగాను. రోజూ ఒకే పిల్ల ముందుండకుండా రోజుకో చోట మొదలుపెడుతుందట. హెడ్మాస్టరు ఒకసారి కోప్పడ్డాడట కానీ మానలేదు.

మా హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ అబిగైల్ మా మాటే మాట్లాడింది. ఇక్కడ తన ఊరి మాట మాట్లాడుతుంటే కొత్త మనిషితో ఉన్నట్టనిపించింది. కాగితం తీసి ఇచ్చాను. ఈ అర్జీ మేమందరం కలిసి రాశాం, ఎవరూ ముందుండి నడపలేదు అని అందులో ఉంది. చదివి, కింద వేలు పెట్టి నవ్వింది. సంతకం, హాల్ టికెట్ నంబరు అని గీతలు కొట్టి ఖాళీ వదిలాను. మళ్ళీ అదే పని చేశాను. నేను నవ్వలేకపోయాను.

"నన్ను ఆఫీసు బయట బల్ల మీద మూడు రోజులు కూసోబెట్టిండ్రు," అంది. "అర్జీ రాయమన్నది ఎవరు, పేరు చెప్పు, పంపించేస్తం అన్నరు. చెప్పలే. నువ్వొస్తవని చూసిన."

ప్రతినిధిని నేనే పోతే హాస్టల్ తరఫున మాట్లాడేవాళ్ళు ఉండరని చెప్పాను. ఆ మాట ఆ మూడు రోజులూ నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మూడు రోజులు ఆఫీసు ముందు నుంచి నడవాల్సి వస్తుందని లైబ్రరీకి చుట్టు దారిన వెళ్ళాను. అది మాత్రం చెప్పలేదు.

"ఇప్పుడెవరు మాట్లాడుతున్నరు?"

ఆమె కంకి గింజలు ఒలిచి చేతిలో పోగేసుకుంటూ, తినకుండా, నీళ్ళ వైపు చూస్తూ అంది.

"నేను నీ పేరు చెప్పలే. నువ్వు సుత నీ పేరు చెప్పలే. రెండూ ఒకటి కాదు వెన్నెలా."

కాగితం మడిచి నా సంచిలోనే పెట్టింది. బుధవారం రానంది. వస్తే ఎవరు రాశారని అడుగుతారు, చెబితే నేను పోతాను, చెప్పకపోతే తను పోతుంది, ఈ రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకునే పని తనకెందుకని అడిగింది. ఎంచుకోవాల్సింది నేను. ఇంత దూరం వచ్చింది క్షమాపణ చెప్పడానికని అనుకున్నాను. కాదు, ఆ బరువు ఆమె సంతకంతో ఆమె మీదే ఉంచేయడానికి వచ్చాను. అది ఆ గట్టు మీద తెలిసింది. చిలకలగూడ తిరిగొచ్చి, యాదమ్మ గారు పచ్చిపులుసు పోసి పెట్టిన అన్నం సగం వదిలేశాను. ఆవిడ తిట్టారు.

మళ్ళీ మెట్టుగూడ, ఆదివారం

పొద్దున గుడికి వెళ్ళాను. వాళ్ళ గుడి, అంటే చర్చి. చెప్పులు బయట విప్పాలో వద్దో తెలియక చేతిలో పట్టుకుని నిలబడితే ఒకావిడ నవ్వి, వేసుకునే రమ్మంది. ఆరాధన అయ్యాక అందరూ ఆవరణలో వందనాలు చెప్పుకుంటూ ఒకరినొకరు పలకరించుకుంటున్నారు. అబిగైల్ కాప్రా నుంచి వచ్చి తల్లి పక్కన నిలబడి ఉంది. కాలేజీ ఎప్పుడమ్మా అని ఎవరో అడుగుతున్నారు.

నేను రాజారత్నం గారి దగ్గరికి వెళ్ళి, అర్జీ రాసింది నేనే, గుండ్రంగా సంతకాలు పెట్టించింది నేనే అని చెప్పాను. మీ ఉత్తరమే మీ అమ్మాయి మీద సాక్ష్యమైందని కూడా చెప్పేశాను. ఆ రెండో మాటకి ఆయన ముఖం మారింది. చేతిలో ఉన్న బైబిలు అంచు సరిచేసుకున్నారు.

"శుక్రవారం నా ఇంట్లో అన్నం తింటూ అబద్ధం చెప్పావు."

"అవునండీ."

"లోపలికొచ్చి కూర్చో. రాయి."

సండే స్కూల్ గదిలో చిన్నపిల్లల బల్ల ముందు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని రాశాను. అర్జీ నేను రాశాను, అబిగైల్ అరవై మందిలో ఒకరు మాత్రమే, మౌనికని బల్ల మీద పడుకోబెట్టిన నిబంధన మార్చమని ఇప్పటికీ అడుగుతున్నాను. ఒక్క పేజీ. సంతకం పెట్టాక నా చెయ్యి ఆగింది. మొదటిసారి ఆగింది. నా వెనక నిలబడి చదువుతున్న అబిగైల్ అంది:

"ఈసారి నంబరు వెయ్యి."

వేశాను. ఎస్తేరమ్మ గారు రైల్లో తినమని పులిహోర కట్టిచ్చారు. రాజారత్నం గారు బయటికి రాలేదు. ఆయన నన్ను క్షమించినట్టు నాకేమీ అనిపించలేదు, క్షమించి తీరాలని కూడా ఏమీ లేదు.

తిరిగొచ్చాక

ఏమైందో ముందే చెప్పేస్తాను. అబిగైల్ పేరు కొట్టేయలేదు. కానీ ఆమె తిరిగి రాలేదు, ఇక రానంది. నన్ను ఏడాది పాటు బయటికి పంపారు, ఇది మా ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. గేటు నిబంధన మారలేదు. నిన్న కూడా ఒకమ్మాయి జ్వరంతో ఆ బల్ల మీద రెండు గంటలు కూర్చుందని గదిలోవాళ్ళు ఫోన్ చేసి చెప్పారు. కొత్త ప్రతినిధిని ఎన్నుకోవడానికి మెస్సులో కూర్చున్నారట, ఎవరూ ఒప్పుకోలేదట.

సోమవారం నా కాగితం ఆఫీసులో ఇచ్చాను. బుధవారం విచారణకి నన్నే పిలిచారు, నా తరఫున ఎవరూ లేరు. నువ్వు తెచ్చుకున్న తలనొప్పి నువ్వే పడు అని మా నాన్న రాలేదు. ఆఫీసు బయట ఆ బల్ల మీద కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్ళు చూస్తారు, తెలిసినవాళ్ళు చూడనట్టు పోతారు. అబిగైల్ మూడు రోజులు ఇక్కడ ఎలా కూర్చుందో అప్పుడు తెలిసింది.

పదకొండింటికి రాజారత్నం గారు చేతిసంచితో మెట్లెక్కి వచ్చారు. స్టేషన్ నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, చొక్కా నలిగి ఉంది. ముందు లోపలికెళ్ళి తన క్షమాపణ ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిచ్చారు. బయటికొచ్చి నా పక్కన కూర్చున్నారు.

"అబిగైల్ పంపింది," అన్నారు. "ఈ బల్ల మీద నువ్వు ఒక్కదానివే కూర్చోకూడదంది."

కాసేపటికి ఆఫీసు గుమస్తా ఒక ఫారం తెచ్చి నా పేరు, నంబరు రాసుకున్నాడు. తండ్రి ఫోన్ నంబరు గడి దగ్గర ఆగి, ఆయన వైపు చూసి, తండ్రిగారా అని అడిగాడు.

"కాదండీ. ఈ అమ్మాయికి ఒంట్లో బాగోకపోతే ఎవరికైనా ఫోన్ చేయాలి కదా. నా నంబరు రాసుకోండి."

ఒక్కో అంకే ఆగి ఆగి చెప్పారు. అక్కడ తండ్రి నంబరే రాయాలని గుమస్తా అన్నాడు. రాజారత్నం గారు విననట్టే మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. గుమస్తా పెన్ను మూత పెట్టేశాడు.

అతను రాసుకోలేదు. నేను రాసుకున్నాను.